పవర్ స్టీరింగ్ లేని పాత ట్రాక్టర్: స్టీరింగ్ తేలిగ్గా తిరగాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత

వానాకాలం దగ్గర పడుతుందంటే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు. "అన్నా, స్టీరింగ్ తిప్పలేక భుజాలు పడిపోతున్నయ్. బాక్స్ మార్పియ్యాల్నా?" పర్కాల వైపు నుంచి ఒకరు, నర్సంపేట వైపు నుంచి ఒకరు, జమ్మికుంట నుంచి ఇంకొకరు. బండ్లు వేరైనా ప్రశ్న ఒకటే. నా జవాబు కూడా ఒకటే: స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పిన బలాన్ని పళ్లతో రాడ్లకు అందించే పెట్టె) జోలికి ఇప్పుడే పోకండి.

నేనూ ఒకసారి పోయి మోసపోయినవాణ్ణే. ఒక వర్క్‌షాపులో బాక్స్ విప్పించి, లోపలి సామాను మార్పించి, బిల్లు కట్టి బయల్దేరాను. మొదటి మలుపులోనే తెలిసిపోయింది, పొద్దున ఎంత బరువుందో ఇప్పుడూ అంతే ఉంది. ఇంటికొచ్చి నేనే విప్పి చూస్తే అసలు దొంగ ఎడమ కింగ్ పిన్ (ముందు చక్రం అటూ ఇటూ మళ్లే నిలువు పిన్ను) కింద దొరికాడు. అక్కడ బండి బరువు మోసే త్రస్ట్ బేరింగ్ తుప్పు పట్టి ఇటుక ముక్కలా ముద్దైపోయింది. బాక్స్‌కు పెట్టిన డబ్బుల్లో పదో వంతు కూడా కాని సామాను అది.

అందుకే ఈ పని నేల నుంచి పైకి చేసుకుంటూ రావాలి. ముందు టైరు, తర్వాత కింగ్ పిన్, ఆపైన రాడ్లు, చివరికి బాక్స్. కింద రాసినదంతా 25 నుంచి 45 హార్స్‌పవర్ లోపు, రెండు చక్రాల డ్రైవ్ ఉన్న మామూలు ట్రాక్టర్ల గురించి.

1. రోగం ఎక్కడుందో ముందు తేల్చండి

దీనికి గంట పడుతుంది. ఈ గంట మిగుల్చుకుందామని చూసేవాళ్లే తర్వాత రెండు రోజులు పోగొట్టుకుంటారు.

మొదటి పరీక్ష: బండిని సిమెంటు నేల మీద ఆపి, ఇంజిన్ ఆపేసి, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పి చూడండి. తర్వాత మొదటి గేర్లో మెల్లగా కదులుతూ తిప్పండి. ఆగి ఉన్నప్పుడు ఏ మెకానికల్ స్టీరింగ్ అయినా బరువే. కదులుతున్నప్పుడు కూడా అంతే బరువుగా ఉంటేనే లోపం ఉందని లెక్క.

రెండో పరీక్ష: ముందు ఇరుసును జాకీతో ఎత్తి, రెండు చక్రాలూ గాల్లో ఉండేలా మొద్దులు పెట్టండి. ఇప్పుడు స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పండి. గాల్లో కూడా గట్టిగా ఉంటే కింగ్ పిన్ బుష్‌లు (పిన్ను చుట్టూ ఉండే గొట్టాల్లాంటి తొడుగులు), రాడ్ల జాయింట్లు, బాక్స్ ఈ మూడింటిలో ఒకటి పట్టేసింది. తేలిగ్గా తిరిగితే టైరు గాలి, ముందు బరువు, త్రస్ట్ బేరింగ్ వైపు చూడండి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. చక్రం గాల్లో ఉన్నప్పుడు త్రస్ట్ బేరింగ్ మీద బరువే ఉండదు. అది పూర్తిగా చెడిపోయినా స్టీరింగ్ హాయిగా తిరుగుతుంది. "గాల్లో మంచిగనే తిరుగుతుంది, కాబట్టి కింగ్ పిన్ బాగానే ఉంది" అనుకుంటే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

మూడో పరీక్ష: చక్రాలు గాల్లో ఉండగానే బాక్స్ నుంచి చక్రం వైపు పోయే రాడ్డును, అంటే డ్రాగ్ లింకును, డ్రాప్ ఆర్మ్ (బాక్స్ బయట ఊగే చేయి) దగ్గర విప్పండి. ఇప్పుడు స్టీరింగ్ ఒక్కటే తిరుగుతుంది. అది బరువుగా ఉంటే లోపం బాక్స్‌లోనో, స్టీరింగ్ రాడ్డు పైన ఉండే బుష్‌లోనో ఉంది. అది వేలితో తిరిగేంత తేలిగ్గా ఉంటే బాక్స్ నిర్దోషి, దాన్ని మరిచిపోండి.

తర్వాత చక్రాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ మళ్లించండి. బరువుగా ఉంటే టై రాడ్ (రెండు చక్రాలనూ కలిపే అడ్డ రాడ్డు) కూడా ఒకవైపు విప్పి, ఒక్కో చక్రాన్ని విడిగా చూడండి. ఏ చక్రం మొరాయిస్తే ఆ వైపు కింగ్ పిన్ విప్పాలి.

కొన్ని ట్రాక్టర్లకు అడ్డంగా టై రాడ్ ఉండదు. బాక్స్‌కు రెండు పక్కలా డ్రాప్ ఆర్మ్‌లు ఉండి, ఒక్కో చక్రానికి ఒక్కో డ్రాగ్ లింకు పోతుంది. అలాంటివాటికి రెండు లింకులూ విప్పి చూస్తేనే సంగతి తెలుస్తుంది.

ఒక కాగితం మీద ఈ నాలుగు రాసుకోండి:
- కదులుతూ తిప్పితే: తేలిక / బరువు
- గాల్లో తిప్పితే: తేలిక / బరువు
- లింకు విప్పాక స్టీరింగ్ ఒక్కటే: తేలిక / బరువు
- లింకు విప్పాక ఎడమ చక్రం, కుడి చక్రం: ఏది గట్టి

2. పనికి కూర్చునే ముందు

సామాను:
- 5 టన్నుల బాటిల్ జాకీ, గట్టి కట్టె మొద్దులు నాలుగు
- చెక్క చీలలు రెండు
- పానాల సెట్టు, రెండు సుత్తెలు, కటింగ్ ప్లయర్
- గ్రీజు గన్, లిథియం రకం మల్టీపర్పస్ గ్రీజు ఒక కిలో
- కొత్త గ్రీజు నిపిళ్లు (గన్ను మూతి తగిలించే చిన్న మొనలు) నాలుగైదు, నట్టు ఊడకుండా ఆపే కొత్త స్ప్లిట్ పిన్నులు రకానికి రెండు
- డీజిల్, పాత గుడ్డలు, ఇనుప బ్రష్, సన్న తీగ
- గాలి కొలిచే మీటరు, టేపు, సుద్దముక్క

నేల గట్టిగా, చదునుగా ఉండాలి. పొలం గట్టు మీద ఈ పని పెట్టుకోవద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, గేర్లో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. కల్టివేటరో రోటవేటరో తగిలించి ఉంటే కిందికి దింపేయండి.

ట్రాక్టర్ ముందు ఇరుసు నడిమధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంటుంది. గుంతలో ఒక చక్రం దిగినా బండి ఒరగకుండా ఉండేది దానివల్లే. కానీ ఎత్తి పెట్టినప్పుడు ఆ ఊగడమే ప్రమాదం. అందుకని ఇరుసుకీ, దాని పైన ఉండే ఇనుప మూపుకీ మధ్య రెండు పక్కలా చెక్క చీలలు కొట్టండి. ఆ తర్వాతే జాకీ వేయండి.

35 హార్స్‌పవర్ తరగతి ట్రాక్టర్ 17 నుంచి 19 క్వింటాళ్లు తూగుతుంది. అందులో ముందు ఇరుసు మీద పడేదే ఆరేడు క్వింటాళ్లు. ఉత్త జాకీ మీద ఉంచి కిందికి దూరకండి. ఇటుకలు మొద్దుల పని చేయవు, బరువుకు చెప్పకుండా పగులుతాయి.

3. టైర్లు, గాలి, ముందు బరువు

ఇది చిన్న పనే. కానీ సగం బండ్లకు మందు ఇదే.

ముందు టైరు సాధారణంగా 6.00-16 సైజు ఉంటుంది. దానికి గాలి 28 నుంచి 32 పాయింట్ల (పీఎస్‌ఐ) దగ్గర పెడతారు. మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే పెట్టండి, టైరు మీద ముద్రించిన గరిష్ఠం మాత్రం దాటొద్దు. నేను చూసిన బండ్లలో చాలావాటికి 15 కూడా ఉండదు. మీటరు పెట్టకుండా కాలితో తన్ని "మంచిగుంది" అనే అలవాటు వల్ల వచ్చే తంటా ఇది. గాలి తగ్గితే టైరు నేల మీద చపాతీలా పరుచుకుంటుంది. అంత వెడల్పును నేలకు రాస్తూ తిప్పాలంటే బరువు కాక ఏమవుతుంది?

రెండు టైర్లలో గాలి సమానంగా ఉండాలి. ఒకదాంట్లో 30, ఇంకోదాంట్లో 20 ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది, దాన్ని ఆపడానికి మీరు రోజంతా ఎదురు పట్టుకుని కూర్చోవాలి.

ఇవి కూడా చూడండి:
- ముందు లావు టైర్లు వేయించారా? చూడ్డానికి బాగుంటాయి, తిప్పడానికి కాదు. కంపెనీ సైజుకు రండి.
- ముందు తగిలించే ఇనుప బరువులు ట్రాలీ పనికి కూడా అలాగే ఉన్నాయా? వెనక బరువైన పనిముట్టు లేనప్పుడు తీసేయండి.
- ముందు టైర్లలో ఎవరైనా నీళ్లు నింపించారా? పాత బండి కొన్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. వాల్వు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పిన్ను నొక్కితే తెలిసిపోతుంది.
- ముందు లోడరు పెట్టించిన బండి అయితే ఆ బరువంతా స్టీరింగ్ మీదే. దానికి ఈ చిట్కాలతో పూర్తి ఫలితం రాదు, తొమ్మిదో అంశం చదవండి.

4. గ్రీజు: కొట్టడం కాదు, లోపలికి పోవాలి

"గ్రీజు రోజూ కొడుతున్నా అన్నా" అంటారు. కొడుతున్నమాట నిజమే. పోతున్నది ఎక్కడికి అన్నదే సంగతి.

బండి నేల మీద ఉండగా కింగ్ పిన్‌కు గ్రీజు కొడితే అది తేలికైన దారి చూసుకుని పైనుంచి బయటికి వస్తుంది. కింద త్రస్ట్ బేరింగ్ దగ్గర బరువంతా పడి సందు మూసుకుపోయి ఉంటుంది కాబట్టి అక్కడికి చేరదు. చక్రం గాల్లో ఉన్నప్పుడు కింగ్ పిన్ కాస్త కిందికి జారి, ఆ సందు తెరుచుకుంటుంది. అందుకే ఇరుసు కింద జాకీ పెట్టి, చక్రం వేలాడేలా ఎత్తి, అప్పుడు కొట్టాలి.

వరస ఇది:
- నిపిల్ చుట్టూ మట్టి ఇనుప బ్రష్‌తో గీకి, గుడ్డతో తుడవండి. తుడవకుండా కొడితే గ్రీజుతో పాటు ఇసుకను మీరే లోపలికి పంపినట్టు.
- చక్రం ఎత్తి, నాలుగైదు స్ట్రోకులు కొట్టండి.
- చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు మళ్లించండి.
- మళ్లీ కొట్టండి. కింది నుంచి కొత్త గ్రీజు రంగు వచ్చేదాకా ఇలాగే.

కింద ఏం బయటికి వస్తోందో కూర్చుని చూడండి. కరిగట్టు (నాటుకు ముందు బురద దుక్కి) పని చేసిన బండి అయితే మొదట ఎర్రటి తుప్పు నీళ్లు కారతాయి. తర్వాత నల్లరేగడి కలిసిన గట్టి ముద్ద, పళ్ల కింద ఇసుకలా కరకరలాడేది, పురుగులా మెలికలు తిరుగుతూ వస్తుంది. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. ఆపొద్దు. ఆ ముద్ద వెనకాల శుభ్రమైన గ్రీజు మెరుస్తూ కనబడే వరకు గన్ను వదలకండి. ఒక్కోవైపు పావు కిలో పట్టిన బండ్లు ఉన్నాయి.

గ్రీజు లోపలికి పోకుండా గన్ను మూతి పక్కనుంచే వచ్చేస్తుంటే నిపిల్ మూసుకుపోయింది. విప్పి కొత్తది వేయండి, దాన్ని బాగుచేస్తూ కూర్చోవడం దండగ. కొత్త నిపిల్ వేసినా పోకపోతే లోపలి దారిలో పాత గ్రీజు ఎండి రాయైంది. నిపిల్ తీసేసి, సన్న తీగతో కదిలించి, రంధ్రంలో డీజిల్ పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి మళ్లీ గన్ను పెట్టండి. అప్పటికీ పోకపోతే విప్పడమే. గ్యాస్ మంట పెట్టి కరిగిద్దామని మాత్రం చూడకండి. పక్కనే టైరుంది.

గ్రీజు పెట్టాల్సిన మిగతా చోట్లు: డ్రాగ్ లింకు, టై రాడ్ చివరలకు నిపిళ్లు ఉంటే అవి, ఇరుసు నడిమి పిన్ను.

ఇంతవరకు చేసి బండిని నేల మీదికి దింపి, ఒకసారి నడిపి చూడండి. హాయిగా ఉంటే ఇక్కడితో ఆగిపోవచ్చు. కిందివన్నీ అప్పటికీ లొంగని బండ్ల కోసం.

5. కింగ్ పిన్ విప్పడం

ముందు లూజు చూడండి. చక్రం గాల్లో ఉంచి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపండి. లూజు ఉంటే అది హబ్బు బేరింగుదా, కింగ్ పిన్‌దా అన్నది తేలాలి. ఇంకొకరిని ఊపమని చెప్పి, మీరు ఇరుసు చివర వేలు పెట్టి చూడండి. ఇరుసుకీ కింగ్ పిన్‌కీ మధ్య కదలిక తగిలితే బుష్‌లు అరిగాయి. అక్కడ కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే హబ్బు బేరింగు.

హబ్బు బేరింగుకు మందు సులువే. మూత తీసి, స్ప్లిట్ పిన్ లాగేసి, చక్రం తిప్పుతూ నట్టు బిగించండి. చక్రం కాస్త పట్టినట్టు అనిపించగానే ఆపి, పిన్ను రంధ్రం కలిసే దాకా వెనక్కి వదలండి. కొత్త పిన్ వేయండి.

ఇక కింగ్ పిన్. ఒక్కోవైపే చేయండి, రెండూ ఒకేసారి విప్పితే సామాను కలిసిపోతుంది.

చక్రం తీసేయండి. కింగ్ పిన్ తల మీద కూర్చున్న స్టీరింగ్ ఆర్మ్‌నూ, కింగ్ పిన్‌నూ కలిపి సుత్తె, పంచుతో ఒక గుర్తు కొట్టండి. ఈ గుర్తు మరిచిపోతే బిగించేటప్పుడు ఆర్మ్ ఒక పన్ను పక్కకు కూర్చుంటుంది, తర్వాత చక్రాలు రెండూ రెండు దిక్కులు చూస్తాయి.

ఆర్మ్ బోల్టు వదులు చేసి ఆర్మ్ పైకి తీయండి. తీసే ముందు కింద హబ్బును ఎవరైనా పట్టుకోవాలి, లేదా మొద్దు పెట్టాలి. ఆర్మ్ రాగానే కింగ్ పిన్ హబ్బుతో సహా కిందికి జారుతుంది, అది కాలి మీద పడితే ఆ సీజను దున్నకం అక్కడితో సరి.

జారకుండా పట్టేసి ఉంటే పైనుంచి డీజిల్ పోసి అరగంట ఆగండి. తర్వాత చెక్క ముక్క అడ్డం పెట్టి కొట్టండి. ఉత్త సుత్తెతో తల మీద బాదితే తల పుట్టగొడుగులా విచ్చుకుని, ఇక బుష్‌లోంచి బయటికే రాదు.

ఇప్పుడు త్రస్ట్ బేరింగ్ తీయకముందే ఫోన్లో ఫొటో తీసుకోండి. ఏ వైపు పైకుంది, వాషర్లు ఎన్ని, ఏ వరసలో ఉన్నాయి అన్నది ఫొటోలో ఉంటే రేపు వాదన ఉండదు. బేరింగు కడిగి, అరచేతుల మధ్య నొక్కి తిప్పండి. గరగరమన్నా, గోళీల దారిలో గుంతలు కనబడినా కొత్తది వేయండి. కొన్ని బండ్లలో బేరింగు బదులు ఉత్త వాషరే ఉంటుంది. దాని మీద గాడి పడితే మార్చాలి.

కింగ్ పిన్‌ను తుడిచి గోటితో పైనుంచి కిందికి గీయండి. గోరు మెట్టు ఎక్కి దిగినట్టు తగిలితే పిన్ను అరిగింది. పిన్ను, బుష్‌లు కలిపే మార్చండి. కొత్త బుష్‌లో పాత పిన్ను పెడితే రెండు సీజన్లకే మళ్లీ ఇదే పని.

బుష్ వేయడం లేత్ షాపులో చేయించండి. వరంగల్ దాకా పోనక్కర్లేదు, మండల కేంద్రంలో ఉండే లేత్ మేస్త్రి చాలు. కానీ పక్కన నిలబడి రెండు చూసుకోండి. ఒకటి, బుష్‌లోని గ్రీజు రంధ్రం ఇరుసు మీది నిపిల్ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా రావాలి. అది పక్కకు పోతే మీరు జీవితాంతం కొట్టే గ్రీజంతా గోడకు కొట్టినట్టే. రెండు, బుష్ దిగ్గొట్టాక కొద్దిగా బిగుసుకుంటుంది, కాబట్టి లోపల రీమర్ (రంధ్రాన్ని సరైన సైజుకు తీసే పనిముట్టు) ఆడించాలి. పిన్ను చేతి బలంతో దిగాలి, సుత్తెతో కాదు. సుత్తెతో దిగిందంటే స్టీరింగ్ మునుపటికన్నా బరువవుతుంది, "కొత్త సామాను కదా, తర్వాత వదులైతది" అంటే నమ్మకండి.

బిగించేటప్పుడు:
- పిన్నుకూ, బేరింగుకూ చేత్తో గ్రీజు నింపారా
- ఫొటోలో ఉన్న వరసే వచ్చిందా
- మట్టి ఆపే రబ్బరు సీలు కొత్తది వేశారా
- ఆర్మ్ మీది గుర్తులు కలిశాయా
- ఆర్మ్ బోల్టు పూర్తిగా బిగిసిందా
- చక్రం పెట్టకముందే హబ్బు చేత్తో తేలిగ్గా మళ్లుతోందా

6. బాల్ జాయింట్లు

డ్రాగ్ లింకు, టై రాడ్ల చివర ఉండే బాల్ జాయింట్లు రెండు రకాలుగా చెడతాయి. వదులైతే స్టీరింగ్ ఆడుతుంది. పట్టేస్తే బరువవుతుంది. మనవాళ్లు వదులైనదాన్ని మాత్రమే పట్టించుకుంటారు.

విప్పడానికి స్ప్లిట్ పిన్ తీసి, నట్టు చివరి దాకా వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. జాయింటు కూర్చున్న కన్నుకు ఒక పక్క బరువైన సుత్తె ఆనించి, ఎదురు పక్క ఇంకో సుత్తెతో ఒక్క దెబ్బ గట్టిగా వేయండి. ఊడి వస్తుంది. మర మీద కొడితే మర పోతుంది.

విప్పిన జాయింటును వేళ్లతో అన్ని వైపులా వంచి చూడండి. కాస్త బిగువుగా, నున్నగా కదలాలి. పానా పెట్టి వంచితే గానీ కదలకపోయినా, టకటకమని ఆడినా మార్చేయండి. పైన రబ్బరు టోపీ చిరిగితే ఒక్క వానాకాలంలోనే జాయింటు పోతుంది, కాబట్టి టోపీ కూడా చూడండి.

తిరిగి బిగించాక స్ప్లిట్ పిన్ కొత్తదే వేయాలి. బైండింగు వైరు చుట్టిన బండ్లు రోడ్డు మీద ఎన్ని చూశానో. ఆ నట్టు ఊడితే చక్రం మీ మాట వినదు, వెనక ట్రాలీలో కూలీలున్నా సరే.

7. ముందు చక్రాల వరస

జాయింటు మార్చినా, రాడ్డు విప్పినా ఇది మళ్లీ చూసుకోవాలి. ముందు చక్రాలు పైనుంచి చూస్తే ముందువైపు ఒక పిసరు దగ్గరగా ఉండాలి. చాలా ట్రాక్టర్లకు ఆ తేడా 2 నుంచి 6 మిల్లీమీటర్ల లోపు, సరైన అంకె మీ మాన్యువల్లో ఉంటుంది. తేడా ఎక్కువైతే రెండు చక్రాలూ నేలను గీకుతూ పోతాయి. స్టీరింగ్ బరువు, టైరు అరుగుదల రెండూ అక్కడే మొదలవుతాయి.

కొలిచే తీరు:
- చక్రాలు సూటిగా పెట్టి, బండిని నాలుగడుగులు ముందుకు కదిపి ఆపండి.
- రెండు రిమ్ముల లోపలి అంచుల మీద, ముందువైపు, హబ్బు ఎత్తులో సుద్దతో గుర్తు పెట్టండి. మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోండి.
- బండిని మెల్లగా ముందుకు కదిపి, అవే గుర్తులు వెనకవైపు అదే ఎత్తుకు వచ్చేలా ఆపండి. మళ్లీ కొలవండి.
- వెనక కొలతలోంచి ముందు కొలత తీసేస్తే మీ తేడా.

గుర్తులు కదపకుండా అదే చోట కొలవడం దేనికంటే, రిమ్ము ఎక్కడో వంగి ఉంటుంది. వేరే చోట కొలిస్తే ఆ వంకరంతా లెక్కలోకి వస్తుంది.

సరిచేయడానికి టై రాడ్ రెండు వైపులా లాక్ నట్లు వదిలి, రాడ్డు గొట్టాన్ని తిప్పండి. పావు చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. రెండు డ్రాగ్ లింకుల బండి అయితే రెండింటినీ సమానంగా తిప్పాలి. ఒకదాన్నే తిప్పితే స్టీరింగ్ నడిమి స్థానం తప్పి, బండి ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ మళ్లుతుంది.

8. స్టీరింగ్ బాక్స్

మూడో పరీక్షలో స్టీరింగ్ ఒక్కటే బరువుగా తిరిగితేనే ఇక్కడికి రండి.

మొదట నూనె. లెవల్ ప్లగ్ తీసి చూడండి. చాలా బాక్సుల్లో 90 నంబర్ గేర్ ఆయిల్ పోస్తారు. మీ బండికి ఏది చెప్పారో అదే పోయండి, గ్రీజు కూరకండి. నూనె కారుతోందని గ్రీజు నింపిన బాక్సులు విప్పాను. గ్రీజు పక్కలకు నెట్టుకుపోయి అక్కడే ఉంటుంది, పళ్ల మధ్య మాత్రం ఎండిపోయి ఉంటుంది. కారుతుంటే సీలు మార్చాలి.

నూనె పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు దిగాయి. వాన నీళ్లు స్టీరింగ్ మధ్యలో ఉండే మూత పోయిన బండికి ఆ రాడ్డు వెంబడే లోపలికి దిగుతాయి. పాతది మొత్తం తీసి, కొత్తది పోసి, చిన్న ప్లాస్టిక్ మూత పెట్టండి. పైన రాడ్డు బుష్ ఎండిపోయి ఉంటే నాలుగు చుక్కలు నూనె వేయండి, ఒక్కోసారి రోగం మొత్తం అక్కడే ఉంటుంది.

తర్వాత సర్దుబాటు స్క్రూ. స్టీరింగ్ ఆడుతోందని ఎవరో ఒకరు దీన్ని బిగించేసి ఉంటారు. బాక్స్ పళ్లు నడిమి భాగంలోనే ఎక్కువ దగ్గరగా ఉంటాయి, కాబట్టి అతిగా బిగిస్తే సూటిగా పోయేటప్పుడు పట్టేసి, మలుపులో వదులవుతుంది. లాక్ నట్టు వదిలి, స్క్రూను పావు చుట్టు వెనక్కి తీసి చూడండి. స్టీరింగ్ అంచు దగ్గర ఒకటి నుంచి రెండు అంగుళాల ఆట ఉండాల్సిందే. ఆట అసలు లేకుండా చేయాలని చూస్తే బాక్స్ పళ్లు తింటుంది.

ఇవన్నీ చేసినా నడిమిలో గరుకుగా తగిలితే లోపలి బేరింగులు, పళ్లు పోయాయి. అది ఇంటి పని కాదు. మేస్త్రి దగ్గరికి పోయేటప్పుడు మీ నాలుగు పరీక్షల కాగితం చేతిలో పెట్టుకుని పోండి, పాత సామాను చూపించమని అడగండి.

9. పవర్ స్టీరింగ్ పెట్టించాలా

లోడరు బండికీ, భుజం నొప్పి ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. పంపు, నూనె ట్యాంకు, స్టీరింగ్ కింద ఆర్బిట్రాల్ యూనిట్ (స్టీరింగ్ తిప్పిన వైపుకు నూనెను పంపేది), ఇరుసు దగ్గర సిలిండరు, పైపులు వస్తాయి. కానీ పైన చెప్పిన కింగ్ పిన్ పని పూర్తి చేశాకే. పట్టేసిన కింగ్ పిన్‌ను నూనె ఒత్తిడితో బలవంతంగా తిప్పితే మీకు తెలియకుండా ఆర్మ్‌లూ జాయింట్లూ వంగుతాయి.

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటితో తేడా పడేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. పెట్టించే ముందు ఆర్టీఏ ఆఫీసులో, బీమా వాళ్ల దగ్గర అడిగి పెట్టించండి.

10. నడిపే తీరు, గ్రీజు వాయిదాలు

పత్తి సీజన్లో ఏనుమాముల మార్కెట్ దగ్గర ట్రాలీతో లైన్లో జరిపేటప్పుడు చూడండి, సగం మంది బండి ఆపి స్టీరింగ్‌తో కుస్తీ పడుతుంటారు. బండి కాస్త కదులుతుండగా తిప్పితే సగం బలంతో తిరుగుతుంది. ఆగి ఉన్న బండి స్టీరింగ్ తిప్పడం మీకూ నష్టం, బాల్ జాయింట్లకూ నష్టం.

పొలంలో గట్టు దగ్గర తిప్పేటప్పుడు లోపలివైపు బ్రేకు తొక్కితే స్టీరింగ్ మీద భారం తగ్గుతుంది. రోడ్డెక్కే ముందు మాత్రం రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే లాక్ వేయండి.

బొటనవేలు స్టీరింగ్ చుట్టూ లోపలికి పెట్టొద్దు, పైనే ఉంచండి. మెకానికల్ స్టీరింగ్‌లో చక్రం రాయికి తగిలితే ఆ దెబ్బ నేరుగా చేతికి వస్తుంది. స్టీరింగ్ మీద బిగించే గుండ్రటి పిడి కొనమని చాలామంది సలహా ఇస్తారు. పవర్ స్టీరింగ్ లేని బండికి నేను వద్దంటాను, కారణం ఇదే.

ఇంకొకటి. వెనక బరువు ఎక్కువై స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైతే సంతోషించకండి. ముందు చక్రాలు నేల వదులుతున్నాయని అర్థం. వెనక బరువు తగ్గించండి, లేదా తీసేసిన ముందు బరువులు మళ్లీ పెట్టండి.

గ్రీజు వాయిదాలు:
- కరిగట్టు, బురద పని ఉన్నప్పుడు: రోజూ సాయంత్రం, కడిగిన తర్వాత. పొద్దున కొడదామంటే రాత్రంతా నీళ్లు లోపలే ఉంటాయి.
- పొడి దుక్కి, ట్రాలీ పని: 50 గంటలకొకసారి
- చక్రాలు ఎత్తి పూర్తిగా కొట్టడం: వానాకాలం ముందు రోహిణి కార్తెలో ఒకసారి, యాసంగి నాట్లు అయ్యాక ఒకసారి
- ముందు గాలి: వారానికొకసారి, బండి చల్లగా ఉన్నప్పుడు

11. గడ్డి కోసే సీటు మిషన్ల సంగతి

హన్మకొండలో ఒక గ్రౌండు చూసుకునే తమ్ముడు కూర్చుని నడిపే గడ్డి మిషన్ గురించి ఇదే ప్రశ్న అడిగాడు. పద్ధతి ఒకటే, కొలతలు వేరు. దాని ముందు టైర్లకు గాలి చాలా తక్కువ, చాలా మోడళ్లలో 14 పాయింట్ల దగ్గర. ట్రాక్టర్ లెక్కన 30 పెడితే టైరు పగలొచ్చు.

దాంట్లో బాక్స్ ఉండదు. స్టీరింగ్ రాడ్డు కింద చిన్న పళ్ల చక్రం, దానికి ఎదురుగా విసనకర్ర ఆకారంలో పళ్ల పలక ఉంటాయి. ఆ పళ్లలో ఇరుక్కున్న గడ్డి, దుమ్ము బ్రష్‌తో తీసి పలుచగా గ్రీజు రాయాలి. ముందు చక్రాల పిన్నులకు నిపిళ్లుంటే ఎత్తి గ్రీజు కొట్టండి. పిన్ను భుజానికీ ఇరుసుకీ మధ్య ఉత్త వాషరే ఉంటే, అదే సైజు పలుచటి త్రస్ట్ బేరింగ్ వేస్తే తేడా వెంటనే చేతికి తెలుస్తుంది. ప్లాస్టిక్ బుష్‌లు అరిగితే మార్చడమే. ఇదంతా మొదలుపెట్టే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకి, దూరంగా మడిచి కట్టేయండి.